అల్లుడి డబ్బాలో కార్జాల పాటే

మా అల్లుడు తిండికి వంక పెట్టే మనిషి కాదు. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోతే ఉప్పు సీసాను చప్పుడు కాకుండా కంచం పక్కకి జరుపుకుంటాడు. పాలు అడుగంటితే గుటుక్కున తాగేసి, "బాగున్నాయత్తయ్యా" అంటాడు. అమ్మాయి బతికుండగా వంకలు పెట్టే పని అది చూసుకునేది. నేను చుట్టపుచూపుగా వచ్చి ఏదైనా వండితే, "అమ్మా, ఇది కూరా, గోడకి కొట్టే సున్నమా?" అని మొహం మీదే అడిగేది. అల్లుడు నవ్వాపుకోలేక తల కంచంలోకి దించేసేవాడు.

అమ్మాయి పోయి ఏళ్ళయింది. దినవారాలయ్యి అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక నేనూ వెళ్తానంటే, "ఎక్కడికత్తయ్యా? కొన్నాళ్ళుండి వెళ్దురుగాని" అన్నాడు అతను. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. మళ్ళీ పెళ్ళి మాటెత్తితే రేడియో శబ్దం పెంచుతాడు. బస్సు డిపో వెనక వీధిలో, మేడమీద, అతనికో గది, నాకో గది, మధ్యలో వంటిల్లు. పొద్దున్నే మొదటి బస్సు స్టార్ట్ చేస్తే మా గిన్నెలు గలగలమంటాయి.

అతను దూరపు బస్సు నడుపుతాడు. ఒక పగలు వెళ్ళి, ఒక రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు సాయంత్రానికి వస్తాడు. వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తానత్తయ్యా" అంటాడు. ఆ మాటంటే నాకు నమ్మకం లేదు. మా నాన్న అలాగే సంతకి వెళ్ళొస్తానని వెళ్ళాడు. మా ఆయన ఆసుపత్రి స్ట్రెచర్ మీంచి "రేపొచ్చేస్తాగా" అన్నాడు. ఎవరైనా గుమ్మంలో చెప్పులేసుకుని వెళ్తే, వాళ్ళు మలుపు తిరిగేదాకా నేను కిటికీ వదలను. అలాంటిదాన్ని, రోజు విడిచి రోజు దూరపు బస్సెక్కే మనిషి ఇంట్లో పడ్డాను.

ఆ ఏడు డిపోలో డ్రైవర్లందరికీ పరీక్షలు చేశారు. మా అల్లుడి రక్తంలో చక్కెర బాగా ఎక్కువుందని తేలింది. ఆ సంగతి అతను చెప్పలేదు. కింద వాటాలో ఉండే కండక్టరు చెప్పాడు. అతన్ని డిపో అంతా చిల్లర అని పిలుస్తుంది, ఏ టిక్కెట్టు కొట్టినా ముందు ఆ మాటే అడుగుతాడని. అతనిదీ మా అల్లుడిదీ ఒకే బస్సు.

"పెద్దమ్మా, నేను చెప్పానని అన్నయ్యకి చెప్పకు. మూడు నెలలు గడువిచ్చారు. ఈలోగా దిగితే సరి. దిగకపోతే స్టీరింగు మీంచి తీసేస్తారు."

"తీసేస్తే ఏం చేస్తారు?"

"పెద్ద వర్క్‌షాపు లేదూ, ఆ పై ఊళ్ళో? అక్కడ సామాన్ల గదిలో వేస్తారు. ఉండడానికి ఓ గది ఇస్తార్లే, మంచమూ మనిషీ పట్టేంత."

మంచమూ మనిషీ అన్నాడు. మనిషీ అత్తగారూ అనలేదు. నాకొక తమ్ముడున్నాడు గాని, వాడింట్లో నేను చుట్టాన్ని. వాళ్ళావిడ నాకు కాఫీ కూడా మంచి కప్పులోనే ఇస్తుంది. ఆ పూట నేను వంటింట్లో గిన్నెలు కడిగినవే మళ్ళీ కడిగాను. అల్లుడేమో కిటికీ దగ్గర కూర్చుని, కింద బస్సులు గేటులోంచి వెనక్కి వస్తుంటే చూస్తున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. అతన్ని స్టీరింగు లేకుండా ఊహించడం నా వల్ల కాలేదు.

రెండ్రోజులకి అతనే చక్కెర సంగతీ గడువు సంగతీ చెప్పాడు. ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే అమ్మాయి దగ్గరికి నేను కూడా వెళ్ళాను. చిన్నపిల్ల, తెల్లకోటు వేసుకుని టకటకా చెప్పింది. "అన్నం, రొట్టె, బంగాళాదుంప, తీపి, అన్నీ బాగా తగ్గించాలమ్మా. దీన్ని లో కార్బ్ డైట్ అంటారు. గుడ్లు, చేపలు, మాంసం, ఆకుకూరలు, వెన్న, ఇవి తినొచ్చు. మందులు మాత్రం డాక్టరు చెప్పినట్టే."

"అయితే బస్సులో కూర్చుని ఏం తినాలమ్మా? కూర చల్లారిపోతే అన్నం లేకుండా ఎలా దిగుతుంది?"

"అది మీ చేతిలో ఉంది అమ్మమ్మా" అని నవ్వింది.

నా చేతిలో ముందుగా గుడ్లున్నాయి. ఉడకబెట్టినవి, పొరటు చేసినవి, అట్టుగా పోసినవి. మూడో వారానికి అల్లుడు డబ్బా మూత తీసి చూసి, "అత్తయ్యా, ఇంకో వారం ఇలాగే అయితే నేను హారన్ బదులు కొక్కొరొకో అంటానేమో" అన్నాడు. అతను వంక పెట్టినట్టే లెక్క. అతని నోటినుంచి ఆ మాత్రం రావడమంటే లోపల ఎంత విసిగిపోయాడో.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. పెళ్ళయ్యాక, పొట్లాలు కట్టిన కాగితాలు చూసి, బస్సుల నుదుటి మీద బోర్డులు చూసి, ఒక్కో అక్షరమూ పోగేసుకున్నాను. చదవడం వచ్చాక ఇంక కనబడినదల్లా చదువుతాను. మందు సీసా మీద చీటీ అయినా వదలను. మా వీధి చివర గ్రంథాలయంలో వంటల పుస్తకాలు ఒక అల్మరా నిండా ఉన్నాయి. అక్కడ కూర్చుని ఒక్కో పేజీ తిరగేస్తుంటే ఒకచోట చికెన్ లివర్ పాటే అని కనబడింది. కోడి కార్జానికీ పాటకీ ఏమిటి సంబంధం అనుకున్నాను. చదివితే, అది దూరదేశపు వంటట. కార్జాల్ని వెన్నలో వేయించి, మెత్తగా రుబ్బి, గిన్నెలో పెట్టి, పైన కరిగిన వెన్న పోసి చల్లగా తింటారట. పిండి లేదు, చక్కెర లేదు. వేడి చెయ్యక్కర్లేదు. చల్లగా ఉంటేనే బాగుంటుందట. నాకు కావలసింది అదే. గ్రంథాలయం ఆవిడ కాగితమిస్తే పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకొచ్చాను.

తెల్లకోటు అమ్మాయిని అడిగితే, "భేషుగ్గా పెట్టండి. కాకపోతే లివర్ కదా, వారానికి రెండుసార్లు మించొద్దు" అంది.

నిజం చెప్పాలంటే కార్జం వాసన నాకు పడదు. చిన్నప్పటినుంచీ అంతే. మాంసం కొట్టతను కార్జాలూ కందనకాయలూ కలిపి పొట్లం కట్టబోతే, "కార్జాలే ఇవ్వు నాయనా, కందనకాయలు వద్దు" అన్నాను. "ఎవరికమ్మా, పిల్లికా?" అన్నాడు. "అల్లుడికి" అన్నాను. అతను ఆ పొట్లం మీద ఇంకో కాగితం చుట్టి మర్యాదగా ఇచ్చాడు.

ముక్కుకి కొంగు చుట్టుకుని పని మొదలుపెట్టాను. కార్జాల్ని కడిగి పాలల్లో నానబెట్టాలి. తెల్లటి నరాలు తీసెయ్యాలి. ఎక్కడైనా ఆకుపచ్చ మచ్చ ఉంటే అది పసరు తగిలిన చోటు, అంతమేరా కోసి పారెయ్యాలి, లేకపోతే గిన్నెడూ చేదవుతుంది. ఇదంతా బాగానే చేశాను. ఉల్లిపాయ, వెల్లుల్లి వెన్నలో మగ్గబెట్టాను. కార్జాలు వేశాక వచ్చింది చిక్కు. పైన ఎర్రబడి లోపల కొంచెం గులాబీ రంగు మిగలగానే దించెయ్యమని ఉంది. గులాబీ అంటే పచ్చి కదా! పచ్చిది తిని మనిషికి ఏమైనా అయితే? ఇంకాసేపు, ఇంకాసేపు అని ఉంచాను. చివరికి అవి సీసం గోలీల్లా తయారయ్యాయి. మిక్సీలో వేస్తే ఇసుక నమిలినట్టు చప్పుడు. ఎంత వెన్న వేసినా ఇసుక ఇసుకే.

మర్నాడు అల్లుడు దోసకాయ చక్రం మీద దాన్ని పెట్టుకుని తిన్నాడు. దవడలు కదిలించి, ఆగి, మళ్ళీ కదిలించి, "బాగుందత్తయ్యా" అన్నాడు.

బాగోలేదని నాకు తెలుసు. అందుకే రెండోసారి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలని పట్టుబట్టాను. ఉన్నది ఉన్నట్టంటే, మొదటిసారి నేను వదిలేసినదొకటి ఉంది. ఒక చెంచా బ్రాందీ.

నా జన్మలో ఆ కొట్టు మెట్లెక్కలేదు. సాయంత్రం వేళ మగాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. నేను కొంగు కప్పుకుని ఆ వరస చివర నిలబడ్డాను. ముందున్నతను వెనక్కి తిరిగి చూసి అదిరిపడ్డాడు.

"ఏం పెద్దమ్మా, తప్పిపోయావా?"

"లేదు బాబూ. వంటకి కావాలి."

"ఎహె, మేమంతా వంటకే! పెద్దమ్మని ముందుకి పంపండెహె, పొయ్యి మీద పెట్టొచ్చింది పాపం."

నవ్వుతూనే అందరూ దారిచ్చారు. కొట్టతను అన్నిటికంటే చిన్న సీసా ఇచ్చి, "ఎక్కువ వెయ్యకమ్మా, కూర తూలుతుంది" అన్నాడు. నేను ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను.

బ్రాందీని పొయ్యి మీద ఉండగానే పొయ్యాలి, మంట లేస్తే భయపడకుండా, అది ఆవిరయ్యేదాకా ఉంచాలి అని రాసుంది. ఆ "భయపడకుండా" అని రాసినవాళ్ళు నన్ను ఎరగరు. నేను పొయ్యి ఆర్పేశాను. గ్యాసు బండ దగ్గర కూడా కట్టేశాను. కార్జాల్ని అప్పటికే, ఈసారి చెప్పినట్టే, కొంచెం మెత్తగా ఉండగానే దించేశాను. మిక్సీలో వేసి, చల్లటి వెన్న ముక్క ముక్కగా వేసి తిప్పి, జల్లెట్లో గరిటె వెనకతో రుద్ది తీశాను. పట్టులా దిగింది. అప్పుడు, అంతా చల్లారాక, బ్రాందీ పోసి కలిపాను. వాళ్ళు చెంచా అన్నారు. ఇంత ముద్దకి చెంచా ఏమూలకి అని గరిటెడు పోశాను.

మర్నాడు పొద్దున్న అల్లుడు డ్యూటీకి వెళ్ళేముందు ఒక చక్రం మీద రాసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకోటి తిన్నాడు. నిలబడే నాలుగైదు తిన్నాడు. "అత్తయ్యా, ఇది... ఇది చాలా బాగుంది" అన్నాడు. పళ్ళెంలో మిగిలినది వేలితో తుడుచుకుని నాకాడు. అన్నేళ్ళలో అతను అలా వేలు నాకడం నేను చూడలేదు. "వెళ్ళొస్తానత్తయ్యా" అని చెప్పులేసుకుని వెళ్తుంటే మొదటిసారి నేను కిటికీ దగ్గరికి పోలేదు.

ఆపైన వారానికి రెండుసార్లు అలాగే చేసిపెట్టాను. సీసా అయిపోతే ఇంకో చిన్నది తెచ్చుకున్నాను. డబ్బా ఖాళీగా, కడిగి తుడిచి వచ్చేది. "బాగుందా బాబూ?" అంటే "బాగుందత్తయ్యా" అనేవాడు. ఇంట్లో మాత్రం పొద్దున్నే తినడం మానేశాడు, ఆకలి లేదని. మనిషి కాస్త చిక్కినట్టు కనిపిస్తే, చక్కెర దిగుతోంది కాబోలు అనుకుని సంతోషపడ్డాను. గడువు సగం దాటింది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం, అల్లుడు స్నానం చేసి బజారుకి వెళ్ళాక, చిల్లర మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి తల గోక్కున్నాడు.

"పెద్దమ్మా, ఏమనుకోకపోతే ఒక మాట. ఆ డబ్బా కాస్త పెద్దది పెట్టు. మన డిపో మెకానిక్కులు కూడా వచ్చి పడుతున్నారు, చాలట్లేదు."

"ఏ డబ్బా?"

"అదే, నీ కోడిపాట. ఆహా, ఏం పాట పెద్దమ్మా అది! నేను బన్నుకి పూసుకు తింటాను. మెకానిక్కులయితే వేళ్ళతోనే."

"మీరు తింటే మరి ఆయనేం తింటారు?"

చిల్లర నాలుక కరుచుకున్నాడు. కాని మాట బయటికొచ్చేసింది. నేను కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టాను. మొత్తం చెప్పేదాకా లేవనివ్వలేదు.

డిపోలో డ్రైవర్లు బస్సెక్కేముందు ఒక మిషన్లోకి ఊదాలి. తాగొచ్చారేమోనని చూడడానికి. అది నాకు తెలియనిదేం కాదు, ఎప్పుడో విన్నదే. కాని వంటగదిలో నిలబడ్డప్పుడు ఆ మిషను నా తలలోకే రాలేదు.

"ఆ రోజు అన్నయ్య ఊదాడు. మిషన్ కెవ్వుమంది" అన్నాడు చిల్లర. "కంట్రోలర్ మొహం చూడాలి. మా డిపోలో ఎవడు ఊదినా ఓ కన్నేసి చూస్తాడు గాని అన్నయ్యని చూడడు, అంత గురి. 'ఏమయ్యా, నువ్వు కూడానా? పొద్దున్నేనా?' అన్నాడు. అన్నయ్య ఏమన్నాడో తెలుసా? 'మా అత్తగారు పెట్టిన టిఫిను తిన్నాను సార్' అన్నాడు. అంతే, ఒకటే నవ్వు. అత్తగారు పోసిందిరోయ్ అని! నోరు పుక్కిలించి కాసేపాగి మళ్ళీ ఊదితే ఏమీ రాలేదనుకో. బస్సు లేటయింది, పాసింజర్లు నన్ను తిట్టారు, అది మామూలే. అప్పట్నుంచీ నీ డబ్బా మాకొచ్చింది. మాకు ఊదే పని లేదుగా."

"ఆయనేం తింటారు?"

"ఏదో... గుడ్డు దొరికితే గుడ్డు, దోసకాయ దొరికితే దోసకాయ. మరీ ఆకలేస్తే..." చిల్లర చెప్పడం ఆపి, మా నేలను పరీక్షగా చూడడం మొదలుపెట్టాడు.

"బన్నా?"

"రోజూ కాదులే పెద్దమ్మా."

అతను వెళ్ళాక నేను ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాను. గడువు సగం నా బ్రాందీలో కలిసిపోయింది. ఆ రోజు ఆ మిషను ముందు కంట్రోలర్ మాట నమ్మకపోయి ఉంటే అప్పుడే స్టీరింగు పోయేది. పోనీ నమ్మాడు. ఇప్పుడు బన్నుల వల్ల పోతుంది. ఏ దారిన పోయినా ఆ దారి నా వంటింట్లోంచే వెళ్తోంది.

అల్లుడు కూరగాయల సంచితో వచ్చాడు. నేను లేవలేదు. అతని ముందు కుర్చీలో కూర్చునే అలవాటు నాకు లేదు, అతను వస్తే లేచి తలుపు దగ్గరికి జరుగుతాను. ఆ రోజు జరగలేదు. అది చూసి అతను సంచి కింద పెట్టేశాడు.

"మొన్న పంపిన పాటే ఎలా ఉంది బాబూ?"

"బాగుందత్తయ్యా."

"ఎవరికి?"

అతను కిటికీ వైపు చూశాడు. కింద బస్సేదో రివర్సు చేస్తూ ఈలలు వేస్తోంది.

"చిల్లర వచ్చాడా?" అన్నాడు.

"వచ్చాడు. మిషన్ మోగిందన్నాడు. అందరూ నవ్వారన్నాడు. బన్ను తింటున్నావన్నాడు. ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్క ముక్క, ఇందులో బ్రాందీ వద్దు అని చెప్తే నీ సొమ్మేం పోయింది? నేనేమన్నా పరాయిదాన్నా?" అనేశాను. నువ్వు అన్నానని అన్నాక తెలిసింది. చేత్తో నోరు మూసుకున్నాను.

అతను కోప్పడలేదు. నా ఎదురుగా నేలమీద కూర్చున్నాడు, గోడకి వీపు ఆనించి.

"చెప్తే మీరు మళ్ళీ వండరేమోనని" అన్నాడు.

"వండకపోతే ఆకాశం ఊడిపడుతుందా?"

"మీ అమ్మాయి పోయాక మీరు చాన్నాళ్ళు వంటింట్లో అడుగు పెట్టలేదత్తయ్యా. మీకు గుర్తుందో లేదో. నేను బయటినుంచి తెస్తే రెండు మెతుకులు కతికి వదిలేసేవారు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి పొయ్యి వెలుగుతోంది. అన్నం మాడి బొగ్గయింది. కంచంలో పెట్టి మీరు తలుపు చాటున నిలబడ్డారు. నేను బాగుందన్నాను. మర్నాడు కూడా వండారు. ఆ మర్నాడు కూడా. ఆ మాట పనిచేసింది. ఇంక దాన్ని ఎలా వదిలెయ్యను?"

ఇన్నాళ్ళూ అది మొహమాటం అనుకున్నాను. అల్లుడు అత్తగారికి చూపించే మర్యాద అనుకున్నాను. మాడిన అన్నమూ, ఉప్పులేని కూరా, అడుగంటిన పాలూ, ఒక్కొక్క గుటకా మింగి నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టాడు. నేను అతనికి వండిపెడుతున్నానని నేననుకుంటే, ఆ వంటతో అతను నన్ను బతికించుకుంటున్నాడు. ఏడుపొచ్చింది. ఏడిస్తే అతను మళ్ళీ ఏదో బాగుందంటాడని ముక్కు చీది లేచాను.

"ఇప్పుడు వదిలెయ్యండి. వంకలు పెట్టండి. నేను ఎక్కడికీ పోను, పొయ్యీ ఆరదు. మీ చక్కెర దిగాలి, అది ముఖ్యం."

"నిజంగా పెట్టమంటారా?"

"పెట్టమంటున్నాగా."

"అయితే మొదటిసారి చేసినది..." అని గొంతు సవరించుకున్నాడు, "రోడ్డు వేసేవాళ్ళకి ఇవ్వాల్సింది అత్తయ్యా. గుంతలు పూడేవి."

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో మా అమ్మాయి కూడా ఉన్నట్టే అనిపించి ఇద్దరమూ ఒక్కసారే ఆపేశాం.

అతనికి మళ్ళీ సెలవొచ్చిన రోజున ఇద్దరం కలిసి పాటే చేశాం. డ్రైవరు చేతులు కదా, నరాల్ని దారం లాగినట్టు లాగి తీశాడు. పసరు మచ్చలు నా కళ్ళజోడుకి అందనివి కూడా పట్టుకున్నాడు. పొయ్యి దగ్గర మాత్రం నన్ను నిలబడనివ్వలేదు. వెన్న చిటపటలాడుతుంటే, ఇంజను చప్పుడు వినేవాడిలా తల ఒంచి విని, "మంట తగ్గించాలి, మూడో గేరులో పోతోంది" అన్నాడు. పెద్ద కార్జం ఒకటి తీసి మధ్యకి కోశాడు. నెత్తురు లేదు, లోపల లేత గులాబీ రంగు. నేను దూరంనుంచే మెడ చాచి చూశాను.

"ఇంకాసేపు ఉంచితే?"

"ఇంకాసేపు ఉంచితే మళ్ళీ రోడ్డు పనికే."

దించేశాడు. బ్రాందీ బదులు నిమ్మరసం పిండాను. సీసాలో మిగిలినదాన్ని చిల్లరకి ఇచ్చేశాను. మోకాళ్ళకి రాసుకుంటానన్నాడు గాని, బయటినుంచి రాసుకున్నాడో లోపలినుంచి రాసుకున్నాడో అడగలేదు. మర్నాడు మూత తీసి రుచి చూసి అల్లుడు, "మిరియం ఎక్కువైంది. పులుపు సరిపోయింది. ఇంకోసారి ఉల్లిపాయ తగ్గించండి" అని ముఖ్యమైన కబురు చెబుతున్నట్టు చెప్పాడు. అంత పొడుగు వంక మా ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో. నేను అప్పటికప్పుడు నా కాగితం మీద ఉల్లిపాయ దగ్గర సగం అని రాసుకున్నాను.

ఆ తర్వాత డబ్బా అతనే తిన్నాడు. మిగతా రోజుల్లో చేప ముక్కలు, మాంసపు ఉండలు, వెన్నలో వేయించిన ఆకుకూర. ఒకటి మెచ్చాడు, రెండు తిట్టాడు. నేను కూడా రాత్రిపూట అన్నం మానేసి అతనితోపాటు అదే తిన్నాను. కార్జం వాసన ఇప్పటికీ పడదు, కాని నిమ్మకాయ పిండిన పాటే మాత్రం నోట్లో పెట్టుకోగలను. చిల్లరా, మెకానిక్కులూ కొన్నాళ్ళు మాతో మాట్లాడ్డం మానేశారు. వాళ్ళకీ నెలకోసారి ఒక గిన్నె పంపించాక మళ్ళీ మాటలు కలిశాయి.

పరీక్షకి వెళ్ళే రోజు అతను "వెళ్ళొస్తానత్తయ్యా" అనలేదు. ఊరికే చెయ్యూపాడు. పొద్దంతా గ్రంథాలయం పుస్తకం ముందు పెట్టుకుని ఒకే వాక్యం చదివాను. ఫలానా సమయానికి వస్తానని అతను చెప్పలేదు కాబట్టి ప్రతి అడుగు చప్పుడూ అతనిదే అనిపించింది. ఎట్టకేలకి వచ్చింది అతనే. చెప్పులు విప్పి, కుర్చీ నాకు జరిపి, తను నేలమీద కూర్చున్నాడు.

"దిగింది" అన్నాడు. "బాగా దిగింది. కాని వాళ్ళు గీసిన గీతకి ఇంకా కొంచెం పైనే ఉంది."

నేను చేతిలో పుస్తకం మూసేశాను.

"డాక్టరు మెచ్చుకున్నాడత్తయ్యా. ఇంత తొందరగా ఇంత దిగడం చూడలేదు, ఏం తింటున్నావయ్యా అన్నాడు. చెప్పాను. ఇంకో మూడు నెలలు చూస్తామన్నారు. అప్పటిదాకా దూరపు బస్సు లేదు. ఊళ్ళో తిరిగే బస్సిచ్చారు. రింగు రూటు."

"స్టీరింగు తియ్యలేదా?"

"తియ్యలేదు."

"వర్క్‌షాపుకి పంపరా?"

"ఇప్పుడు పంపరు. తర్వాత సంగతి తర్వాత." అతను నా మొహం చూశాడు. నేను అడగలేకపోతున్నదేమిటో అర్థమైనట్టుంది. "పంపినా ఏం? మొదటి రోజే చెప్పాను వాళ్ళకి. మీరిచ్చే ఒంటిగది నాకొద్దు, మా అత్తగారికి చోటుండాలి, నేనే బయట వాటా చూసుకుంటాను అని. చిల్లర వాళ్ళ బావమరిది అక్కడే ఉంటాడు. రెండు గదులు చూసిపెట్టాడు కూడా. వంటింటికి కిటికీ ఉందట."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరొస్తారా రారా అని నాకసలు అనుమానమే రాలేదు. అనుమానం లేనిదాన్ని ఏమని అడగను?"

మూడు నెలలు నేను ఒక్కదాన్నే మోసిన భయం, అతనికి భయమని కూడా తెలియదు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. చేతులు రెండూ ఎత్తి మొక్కాలనిపించింది. ఎవరికి మొక్కాలో తెలియక తడి చేతులతోనే అలా నిలబడ్డాను. వంటింటి గోడ అవతల అతను రేడియో పెట్టుకున్నాడు.

కొత్త రూటెక్కిన రెండోరోజు మధ్యాహ్నం డబ్బా తీసుకుని నేనే వీధి మలుపు దగ్గర బస్‌స్టాపుకి వెళ్ళాను. రింగు రూటు బస్సు వచ్చింది. బోర్డు చదివాను. ఎక్కడ మొదలవుతుందో అక్కడికే వెళ్తుంది, రెండు పక్కలా ఒకటే పేరు. అలాంటి బోర్డు నేను ఎప్పుడూ గమనించలేదు. డబ్బా అందించి దిగిపోదామనుకుని ఎక్కాను. అల్లుడు అద్దంలో చూసి, "కూర్చోండత్తయ్యా, ఒక చుట్టు తిరిగొద్దాం" అన్నాడు. డ్రైవరు వెనక సీటులో ఎవరో అమ్మాయి జరిగి చోటిచ్చింది. బస్సు కదిలింది. ఆసుపత్రి, బడి, మార్కెట్టు, గ్రంథాలయం ఒక్కొక్కటే వచ్చి వెనక్కి పోయాయి. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నేను మాత్రం అతని వెనకే కూర్చుని, స్టీరింగు మీద అతని చేతులు తిరిగే తీరు చూస్తూ, ఊరంతా చుట్టి, ఎక్కిన చోటే దిగాను.